భేదం దాచని బోధ: హాగ్, రాధాకృష్ణన్‌ల గురుశిష్య సంబంధం వేదాంత విద్యకు నేర్పేదేమిటి?

ఉపోద్ఘాతం

ఒకే ఊరిలో, ఒకే బడిలో, ఒకే కార్యాలయంలో వేర్వేరు విశ్వాసాలవారు కలిసి బ్రతుకుతున్న దేశం మనది. ఇటువంటి దేశంలో బోధకుడైన క్రైస్తవుని ముందు ఒక ప్రశ్న ఎప్పుడూ నిలిచి ఉంటుంది. నేను నమ్మిన సత్యాన్ని తగ్గించకుండా, నాతో ఏకీభవించని వానితో కలిసి ఒకే ఉద్దేశం కోసం పని చేయగలనా?

దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. అన్ని మతాల సారం ఒక్కటే గనుక భేదాలను పట్టించుకోనక్కరలేదన్నది మొదటిది. సత్యం మన దగ్గరే ఉంది గనుక ఇతరులతో మనకు చర్చ అక్కరలేదు, ప్రకటనే చాలునన్నది రెండవది. ఈ రెండూ పైకి ఎదురెదురుగా కనబడినా లోపల ఒక్క విషయంలో సమానం. రెండింటిలోనూ ఎదుటివాడు చెప్పేది చివరి వరకు వినవలసిన అవసరం లేదు. మొదటివాడు అది తనకు ముందే తెలుసనుకుంటాడు. రెండవవాడు తెలుసుకోనక్కరలేదనుకుంటాడు.

మూడవ దారి ఒకటి ఉన్నదని, అది కేవలం ఊహ కాదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు ఉదాహరణగా ఇరవయ్యవ శతాబ్దారంభంలో మద్రాసులో ఒక తరగతి గదిలో జరిగిన సంగతిని తీసుకుంటున్నాను. గురువు స్కాట్లాండు దేశపు మిషనరీ ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. శిష్యుడు తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. వీరిద్దరూ సిద్ధాంతంలో ఏకీభవించలేదు. అయినా వారి మధ్య జరిగిన చర్చ ఇద్దరికీ మేలు చేసింది. అది ఎందువల్ల సాధ్యమైంది, ఎక్కడ లోపించింది, మన వేదాంత విద్యకు దాని నుండి ఏమి వస్తుంది అన్నవి వరుసగా పరిశీలిద్దాం.

1. ఆ తరగతి గది

మద్రాసు క్రిస్టియన్ కళాశాల 1837లో స్కాట్లాండు మిషనరీ జాన్ ఆండర్సన్ మొదలుపెట్టిన పాఠశాల నుండి పెరిగింది. 1862లో వచ్చిన విలియం మిల్లర్ దానిని దక్షిణ భారతదేశంలోని పేరెన్నికగన్న విద్యాసంస్థలలో ఒకటిగా తీర్చిదిద్దాడు. 1877 నాటికి ఒకటి కంటే ఎక్కువ మిషన్ల చేయూతతో అది నేటి పేరు పొందింది. విద్యార్థులలో అధిక సంఖ్యాకులు హిందువులు. వారందరినీ సంఘంలో చేర్చడం కంటే, క్రైస్తవ ఆలోచన దేశపు మనస్సులోనికి నెమ్మదిగా ఇంకాలన్నది మిల్లర్ ఆశ. ఈ పద్ధతి ఫలించదని విమర్శించిన మిషనరీలు అప్పుడే ఉన్నారు. బాప్తిస్మాల లెక్కతో పరిచర్యను కొలిచేవారికి ఈ కళాశాల ఎప్పుడూ ఒక ఇబ్బందే.

1903లో హాగ్ ఈ కళాశాలకు తత్త్వశాస్త్ర బోధకుడుగా వచ్చాడు. 1875లో ఐగుప్తులో మిషనరీ కుటుంబంలో పుట్టి, ఎడిన్‌బరోలో తత్త్వశాస్త్రం చదివాడు. యౌవనంలో ఆయన విశ్వాసం సందేహాల చేత తీవ్రంగా కదిలిపోయింది. ఆ అనుభవం నుండి ఆయన ఒక భేదాన్ని నేర్చుకున్నాడు. దేవుని మీద నమ్మకముంచడం ఒకటి. దేవుని గూర్చి మనం అంగీకరించే సిద్ధాంతాలు మరొకటి. మొదటిది విశ్వాసం, రెండవది నమ్మికల సముదాయం. సిద్ధాంతాలు కదిలినా విశ్వాసం నిలవవచ్చు. సిద్ధాంతాలన్నీ సరిగా ఉన్నా విశ్వాసం లేకపోవచ్చు. ఈ భేదం ఆయన జీవితాంతపు బోధకు పునాది అయింది.

రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో జన్మించాడు. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామాన్ని తెలుపుతుంది. ఆయన చదువు తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలోను, వేలూరులోని ఊర్హీస్ కళాశాలలోను, ఆ తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోను సాగింది. అంటే బాల్యం నుండి పట్టా వరకు ఆయన చదివినది ఎక్కువగా మిషన్ సంస్థలలోనే. తత్త్వశాస్త్రాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా గొప్పదేమీ కాదు. బంధువు ఒకరు చదువు ముగించి తన పాఠ్యపుస్తకాలను ఆయనకిచ్చారు. బీద విద్యార్థికి ఆ పుస్తకాలే దారి నిర్ణయించాయి.

ఇక్కడ మన భాషలోని ఒక విశేషాన్ని గమనించాలి. తెలుగు క్రైస్తవులమైన మనం దేవుని గూర్చిన క్రమబద్ధమైన అధ్యయనాన్ని "వేదాంతం" అంటాం. మన కళాశాలలు వేదాంత కళాశాలలు, మన పట్టాలు వేదాంత పట్టాలు. రాధాకృష్ణన్ మొట్టమొదటి గ్రంథం కూడా వేదాంతం గురించినదే. అయితే అది ఉపనిషత్తుల వేదాంతం. ఒకే మాటను ఇరువురం వాడుతున్నాం, వేర్వేరు అర్థాలతో వాడుతున్నాం. మాట ఒకటే గనుక విషయం ఒకటే అనుకోవడం ఒక పొరపాటు. అర్థం వేరు గనుక మాట పంచుకోవడానికి వీలులేదనడం మరో పొరపాటు. మన ముందున్న సమస్య అంతా ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

2. గురువు వేసిన ప్రశ్న

హాగ్ వ్రాసిన "కర్మ, విమోచన" అనే గ్రంథం 1909లో వెలువడింది. అంతకుముందే అది కళాశాల పత్రికలో వ్యాసాలుగా వచ్చింది. ఆనాటి మిషనరీ కరపత్రాలలో కర్మ సిద్ధాంతాన్ని తేలికగా చూసి ఎగతాళి చేసినవి కొన్ని ఉన్నాయి. హాగ్ అలా చేయలేదు. ముందుగా ఆ సిద్ధాంతంలోని బలాన్ని చూపాడు. ఈ లోకంలో సుఖదుఃఖాలు ఎగుడుదిగుడుగా కనబడుతున్నాయి. మంచివాడు కష్టపడుతున్నాడు, దుర్మార్గుడు వర్ధిల్లుతున్నాడు. దీనిని చూసి లోకం న్యాయం లేనిదని చెప్పకుండా, ప్రతి క్రియకూ తగిన ఫలం ఏదో ఒక జన్మలో తప్పక వస్తుందని చెప్పేది కర్మ సిద్ధాంతం. దానిలో నీతి పట్ల గంభీరమైన గౌరవం ఉంది. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అనే మన సామెత సారాంశం ఇదే.

ఈ బలాన్ని ఒప్పుకున్న తరువాతనే హాగ్ తన ప్రశ్న వేశాడు. లోకమంతా ఒక న్యాయస్థానమేనా? ప్రతివాడు అనుభవించే బాధ తన సొంత క్రియలకు సరితూగే ఫలమే అయితే, ఒకడు మరొకని నిమిత్తం బాధపడటానికి చోటెక్కడ? తల్లి బిడ్డ కోసం పడే వేదన, నిర్దోషి ఇతరుల పాపభారం మోయడం, క్షమించేవాడు క్షమాపణ కోసం చెల్లించే మూల్యం అనే వాటికి అటువంటి లెక్కలో అర్థముండదు. క్రైస్తవుడు చూసే లోకం కేవలం తీర్పు తీర్చే లోకం కాదు, విమోచించే లోకం. అక్కడ నిర్దోషి బాధ అన్యాయమైన పొరపాటుగా మిగిలిపోదు. దాని ద్వారా ప్రేమ పాపిని చేరుతుంది. సిలువ దీనికి కేంద్రం.

ఆయన వాదన హిందూ సిద్ధాంతం దగ్గరే ఆగలేదన్నది గమనార్హం. సిలువను ఒక న్యాయస్థానపు జమాఖర్చుగా మాత్రమే వివరించే క్రైస్తవ బోధను కూడా అది ప్రశ్నించింది. ఎదుటివాని మీద ఎక్కుపెట్టిన ప్రశ్న తన ఇంటిలోనికి కూడా రావడానికి ఆయన తలుపు తెరిచి ఉంచాడు. నిజమైన తత్త్వబోధకు ఇది ఒక గుర్తు.

3. శిష్యుడిచ్చిన జవాబు

ఇటువంటి బోధ ఇరవై ఏండ్లయినా నిండని హిందూ విద్యార్థి మీద ఎలా పనిచేసింది? రాధాకృష్ణన్ తరువాత వ్రాసిన ఆత్మకథాత్మక వ్యాసంలో దీనిని దాచుకోలేదు. క్రైస్తవ గురువుల విమర్శ తన విశ్వాసాన్ని కలవరపరచిందని, తాను ఆనుకొని ఉన్న సాంప్రదాయిక ఆధారాలను కదిలించిందని చెప్పాడు. ఆ కలవరమే తనను హిందూ తత్త్వాన్ని మూలం నుండి చదివేటట్లు చేసిందని కూడా చెప్పాడు. అందులో ఏది సజీవమో, ఏది నిర్జీవమో తానే తేల్చుకోవాలనుకున్నాడు.

దాని ఫలితం 1908లో ఎం.ఏ. పట్టా కోసం సమర్పించిన ప్రబంధం. దాని విషయం వేదాంతంలోని నీతి, ఆ నీతికి ఆధారమైన తాత్త్విక భావనలు. లోకం మాయ అయితే నీతికి చోటెక్కడన్నది ఆనాడు వేదాంతం మీద క్రైస్తవ విమర్శకుల ప్రధానమైన ఆక్షేపణ. ఆ ఆక్షేపణకు జవాబుగా ఈ ప్రబంధం వ్రాయబడింది. అంటే ఒక విద్యార్థి తన గురువుల వాదనకే ఎదురు వాదన వ్రాసి వారి చేతిలోనే పెట్టాడు. గురువు ఏమంటాడోనన్న సంకోచం శిష్యునికి ఉండనే ఉంది.

హాగ్ ఆ ప్రబంధాన్ని మెచ్చుకొని యోగ్యతాపత్రం ఇచ్చాడు. తత్త్వసమస్య ముఖ్యాంశాలను విద్యార్థి చక్కగా గ్రహించాడని, చిక్కైన వాదనను సులువుగా నడిపించగల శక్తి అతనికి ఉన్నదని ప్రశంసించాడు. గమనించండి. హాగ్ ఆ ప్రబంధంలోని నిర్ణయాన్ని అంగీకరించలేదు. ఆయన క్రైస్తవ విశ్వాసం ఇసుమంతైనా సడలలేదు. కాని వాదన మంచిదా కాదా అనే ప్రశ్నను, అది నాకు అనుకూలమా కాదా అనే ప్రశ్నను ఆయన కలపలేదు. బోధకుని నిజాయితీ ప్రసంగంలో కంటే మార్కులు వేసే చోట ఎక్కువగా బయటపడుతుంది. తనకు విరుద్ధమైన నిర్ణయానికి వచ్చిన మంచి జవాబుకు మంచి మార్కు వేయగలవాడే సత్యాన్ని తనకంటే పెద్దదిగా ఎంచేవాడు.

చర్చ అక్కడితో ముగిసిపోలేదు. రాధాకృష్ణన్ 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఉపన్యాసాలు 1927లో "హిందూ జీవన దృక్పథం" అనే అర్థమిచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. అందులో కర్మను వివరిస్తూ ఆయన పేకాట ఉపమానం వాడాడు. చేతికి వచ్చే ముక్కలను మనం ఎన్నుకోలేము, కాని ఆట ఎలా ఆడాలన్నది మన చేతిలో ఉంది అన్నది దాని భావం. కర్మ అంటే తప్పించుకోలేని విధి కాదని, దానిలో మానవ స్వేచ్ఛకు చోటున్నదని ఆయన చూపదలచాడు. హాగ్ తరగతిలో విన్న ప్రశ్నకు ఇరవై సంవత్సరాల తరువాత కూడా ఆయన జవాబు మెరుగుపరచుకుంటూ ఉన్నాడని దీనిని చదివిన వానికి అనిపించక మానదు. గురువు తన సిద్ధాంతాన్ని శిష్యునికి ఇవ్వలేకపోయాడు. తన ప్రశ్నను మాత్రం ఇచ్చాడు.

4. శిష్యుని ఆక్షేపణ

ఇంతటితో ముగిస్తే ఇది ఒక సంతోషకరమైన గురుపూజాదినోత్సవ ప్రసంగంగా మిగిలిపోతుంది. 1962 నుండి రాధాకృష్ణన్ జన్మదినమైన సెప్టెంబరు 5ను మన దేశం ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నది గనుక అటువంటి ప్రసంగాలకు కొదువ లేదు. కాని ఆ శిష్యుడే తన గురువుల మీద గట్టి ఆక్షేపణ ఒకటి చేశాడు. 1937లో ప్రచురితమైన "సత్యం కోసం నా అన్వేషణ" అనే ఆ వ్యాసంలో, తన క్రైస్తవ గురువులు తత్త్వశాస్త్ర బోధకులుగా, వ్యాఖ్యాతలుగా, క్రైస్తవ జీవన విధానాన్ని సమర్థించేవారుగా ఉన్నారే గాని నిజమైన అర్థంలో సత్యాన్వేషకులు కారని ఆయన భావించాడు. వారికి జవాబు ముందే తెలుసు. అన్వేషణ శిష్యునికి మాత్రమే మిగిలింది.

ఈ ఆక్షేపణ న్యాయమైనదేనా? హాగ్ విషయంలో పూర్తిగా న్యాయం కాదని నా అభిప్రాయం. తన విశ్వాసాన్నే కోల్పోయే అంచు వరకు వెళ్ళి తిరిగి వచ్చిన మనిషి అన్వేషకుడు కాడని చెప్పడం కష్టం. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. గురువు తాను సందేహించిన దారిని శిష్యునికి చూపాడా, లేక తాను చేరిన గమ్యాన్ని మాత్రమే చూపాడా? విద్యార్థికి గమ్యం మాత్రమే కనబడితే అది అన్వేషణగా కాక సమర్థనగానే తోస్తుంది.

వేదాంత కళాశాలలలో చదివిన మనకు, బోధిస్తున్న మనకు ఈ ఆక్షేపణ సూటిగా తగులుతుంది. ప్రభువు నందు మనకు నిశ్చయత ఉంది. ఆ నిశ్చయతను దాచుకొమ్మని ఎవరూ అనడం లేదు. కాని క్రీస్తును ఎరిగి ఉండటం వేరు, క్రీస్తును గూర్చి మనం చెప్పే మాటలన్నీ పూర్తయ్యాయనుకోవడం వేరు. ఇప్పుడు మనం అద్దంలో చూచినట్లు సూచనగా చూస్తున్నామని, పాక్షికంగా ఎరుగుదుమని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాశాడు (1 కొరింథీ. 13:12). పాక్షికంగా ఎరిగినవాడు నిశ్చయంగా నమ్మవచ్చు, ఇంకా వెదకనూవచ్చు. ఈ రెండింటికీ విరోధం లేదు.

5. తాంబరం చర్చ

హాగ్ తన ఆలోచనను చివరిగా పరీక్షకు పెట్టిన సందర్భం 1938 డిసెంబరులో వచ్చింది. అంతర్జాతీయ మిషనరీ సభ ఆ సంవత్సరం మద్రాసు సమీపంలోని తాంబరంలో సమావేశమైంది. కళాశాల అంతకు ముందటి సంవత్సరమే అక్కడి కొత్త ఆవరణకు మారింది. 1928 నుండి కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న హాగ్ పదవీ విరమణ చేసిన సంవత్సరం కూడా అదే. సభకు సిద్ధపాటుగా డచ్ వేదాంతి హెండ్రిక్ క్రేమర్ పెద్ద గ్రంథం వ్రాశాడు. క్రీస్తునందు దేవుడు చేసిన ప్రత్యక్షత మానవ మతాలన్నిటికీ భిన్నమైనదని, వాటికి కొనసాగింపు కాదని ఆయన వాదించాడు.

దీనికి ముందు మరొక మార్గం ప్రచారంలో ఉండేది. 1913లో జె.ఎన్. ఫార్కుహార్ హిందూమతానికి క్రీస్తే కిరీటమని, అది ఆశించినదంతా ఆయన యందు నెరవేరిందని వ్రాశాడు. హాగ్ ఫార్కుహార్‌తో ఏకీభవించలేదు. హిందువు అడగని ప్రశ్నకు క్రీస్తు జవాబని చెబితే హిందువుకు అందులో ఏమి కనబడుతుంది? హిందూమతం తనంతట తానే క్రీస్తు కోసం ఎదురుచూస్తున్నదని చెప్పడం హిందువును అతని మాటలలో గాక మన మాటలలో వివరించడమే. అందుకే పోలికల కంటే భేదాలను స్పష్టంగా చెప్పడం మేలని హాగ్ భావించాడు.

అయితే క్రేమర్‌తో కూడా ఆయన పూర్తిగా ఏకీభవించలేదు. తన పాత భేదాన్నే మళ్ళీ ముందుకు తెచ్చాడు. క్రైస్తవేతర మతాలు వేరు, క్రైస్తవేతరుని విశ్వాసం వేరు. మతం ఒక వ్యవస్థ. దానిని విమర్శించవచ్చు. విశ్వాసం ఒక మనిషి దేవునితో బ్రతికే బ్రతుకు. తనకు పరిచయమున్న హిందువులలో కొందరి జీవితాలలో దేవునితో సహవాసం ఉందనడానికి గుర్తులు చూసిన హాగ్, అది లేదని చెప్పలేకపోయాడు. ఈ విధంగా సిద్ధాంతంలో గట్టి భేదం, మనిషి పట్ల గౌరవం అనే రెండూ ఒకే మనసులో నిలిచాయి. ముప్పై అయిదేండ్లు హిందూ విద్యార్థుల మధ్య గడిపిన బోధకునికి తప్ప ఈ సూక్ష్మం సులభంగా చిక్కదు.

6. ఆ గదిలో లేని మూడవ వ్యక్తి

ఇంతవరకు మనం ఒక స్కాట్లాండు ఆచార్యుని, ఒక బ్రాహ్మణ విద్యార్థిని చూశాం. కాని కర్మ గురించిన చర్చలో అసలు బాధితుడు ఆ గదిలో కూర్చుని లేడు. నీ జన్మ నీ పూర్వ కర్మ ఫలమని చెప్పి ఊరి వెలుపల ఉంచబడినవాడు అతడు. తెలుగు సంఘంలో అధిక భాగం ఆ ప్రజల నుండి వచ్చినదే. వారికి కర్మ ఒక తత్త్వసమస్య మాత్రమే కాదు. బావి దగ్గర, గుడి దగ్గర, బడి దగ్గర వారిని నిలువరించిన మాట అది.

ఆ గొంతు తెలుగు సాహిత్యంలో స్పష్టంగా వినబడింది. వినుకొండలో 1895లో పుట్టిన క్రైస్తవ కవి గుర్రం జాషువ 1941లో "గబ్బిలం" కావ్యం వెలువరించాడు. గుడిలోనికి ప్రవేశం లేని పేదవాడు, గుడిలోనే నివసించే గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి తన మొర పంపుకుంటాడు. కర్మ పేరు చెప్పి పేదవానికి ప్రశ్నించే హక్కు లేకుండా చేసిన తీరును జాషువ అందులో నిలదీశాడు. హాగ్ తరగతిలో వేసిన ప్రశ్ననే జాషువ ఆకలి కడుపుతో వేశాడు. పేకాట ఉపమానం ఎంత చక్కనిదైనా, ముక్కలు పంచే చోటనే మోసపోయినవానికి అది ఎంతవరకు ఓదార్పు? విచిత్రమేమంటే, జాషువ ఆ మొరను హిందూ సాంప్రదాయపు సందేశ కావ్య రూపంలోనే, శివునికే వినిపించాడు. సాటివారి భాషలో, వారి దేవుని పేరట అడిగాడు గనుకనే దానిని తెలుగువారందరూ తమదిగా చదువుకున్నారు.

ఇక్కడ మన వైపు కూడా చూసుకోవాలి. మరణం జరిగిన ఇంటిలో, చంటిబిడ్డ పోయిన ఇంటిలో మన విశ్వాసులే "మా ఖర్మ" అని ఏడవడం ప్రతి సంఘ కాపరి వినే మాటే. మాట వాడుకది గనుక దానిని అక్కడ తప్పుపట్టనక్కరలేదు. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. రోగి పడక దగ్గర నిలబడి "ఏదో పాపం చేసి ఉంటావు, ఒప్పుకో" అని చెప్పే ప్రార్థనాపరులు మన మధ్య ఉన్నారు. మాటలు క్రైస్తవం, లెక్క మాత్రం హాగ్ విమర్శించిన న్యాయస్థానపు లెక్కే. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కను త్రోసిపుచ్చాడు (యోహాను 9:1-3). సిలోయము గోపురం పడి చచ్చినవారు ఇతరులకంటే ఎక్కువ అపరాధులని తలంచవద్దన్నాడు (లూకా 13:4-5). యోబు స్నేహితులను దేవుడే గద్దించాడు. కాబట్టి కర్మను గూర్చిన చర్చ హిందువులతో మనం చేసే చర్చ మాత్రమే కాదు, మనలో మనం ముగించుకోవలసినది కూడా. అలాగే, జన్మను బట్టి మనిషిని కొలిచే అలవాటు మన సంఘాలలో, మన పెండ్లి సంబంధాలలో ఉన్నంతకాలం, ఆ విమర్శను ఇతరుల మీద మాత్రమే ప్రయోగించే అర్హత మనకు లేదు.

7. ఉమ్మడి ఉద్దేశం అంటే ఏమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. ఏకాభిప్రాయం వేరు, ఉమ్మడి ఉద్దేశం వేరు. ఏకాభిప్రాయంలో ఇద్దరి జవాబూ ఒకటే. ఉమ్మడి ఉద్దేశంలో జవాబులు వేరైనా ఇద్దరూ ఒకే ప్రశ్నకు బాధ్యులు. హాగ్, రాధాకృష్ణన్‌లను కలిపినది బాధపడే మనిషికి ఈ లోకంలో న్యాయం, ఆశ ఉన్నాయా అనే ప్రశ్న. ఆ ప్రశ్నను నిజాయితీగా అడగాలన్న పట్టుదల. అటువంటి ఉద్దేశానికి మూడు షరతులు కనబడుతున్నాయి.

మొదటిది, ఎదుటివాని విశ్వాసాన్ని అతడు విని "అవును, నేను నమ్మేది ఇదే" అనేటట్లు వివరించగలగాలి. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలుకకూడదన్న ఆజ్ఞ (నిర్గమ. 20:16) న్యాయస్థానానికే పరిమితం కాదు. ప్రసంగపీఠం మీద, పాఠ్యపుస్తకంలో, ప్రశ్నపత్రంలో కూడా అది వర్తిస్తుంది. పొరుగువాని మతాన్ని దాని బలహీనమైన రూపంలో చూపి, మన మతాన్ని దాని శ్రేష్ఠమైన రూపంలో చూపడం అబద్ధసాక్ష్యమే.

రెండవది, మన నమ్మికను స్పష్టంగా చెప్పి, దానికి వచ్చే జవాబు వినడానికి సిద్ధపడాలి. మనలోని నిరీక్షణకు హేతువు అడిగిన వారికి సాత్వికంతోను భయంతోను జవాబు చెప్పమని పేతురు వ్రాశాడు (1 పేతురు 3:15). సాత్వికం అంటే నమ్మికను పలుచన చేయడం కాదు. జవాబు చెప్పిన తరువాత ఎదుటివానిని మాట్లాడనివ్వడం.

మూడవది, చర్చను బాధితుని ఎదుట పరీక్షించుకోవాలి. చదువుకున్న ఇద్దరు మర్యాదగా మాట్లాడుకున్నంత మాత్రాన అది ఉమ్మడి ఉద్దేశం కాదు. ఎవరి బాధను గూర్చి మాట్లాడుతున్నారో వాని వీపు మీది బరువు దానివల్ల తగ్గిందా అన్నదే పరీక్ష.

8. మన తరగతులకు, సంఘాలకు

మతాల అధ్యయనం అనే పాఠ్యాంశం మన వేదాంత కళాశాలలలో ఉంది. దానిని పరీక్ష కోసం మాత్రమే చదివే అలవాటు కూడా ఉంది. దానికి బదులుగా విద్యార్థి ఒక హిందూ లేక ముస్లిం పొరుగువాని విశ్వాసాన్ని రెండు పుటలలో వ్రాసి, ఆ పొరుగువానికే చదివి వినిపించి, అతడు దిద్దిన ప్రతిని సమర్పించేటట్లు చేయవచ్చు. దీనికి ఖర్చు లేదు. ఎవరి విశ్వాసం మారనక్కరలేదు. కాని రేపటి కాపరికి ఊరిలో ఒక స్నేహితుడు దొరుకుతాడు, ఒక అబద్ధసాక్ష్యం తగ్గుతుంది.

ఇది ఇతర మతాలతో మాత్రమే కాదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బిషప్పులు గల సంఘాలు, లేని సంఘాలు ఒక్కటయ్యాయి. 1964లో ప్రారంభమైన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో శిశువులకు బాప్తిస్మమిచ్చే లూథరనులు, విశ్వసించిన వారికే ముంచి ఇచ్చే బాప్తిస్టులు ఒకే కప్పు క్రింద చదువుకున్నారు. బాప్తిస్మాన్ని గూర్చిన భేదం తీరిపోలేదు. తెలుగు సంఘానికి చదువుకున్న కాపరులు కావాలన్న అవసరం ఆ భేదంకంటే ముందు నిలిచింది. భేదం తీరే వరకు ఆగి ఉంటే ఆ కళాశాల పుట్టేదే కాదు.

ఊరిలో కూడా ఇంతే. తాగునీటి చెరువు బాగు చేయడానికి, సారా మాన్పించడానికి, బడి మానిన పిల్లలను తిరిగి పంపడానికి, తుపాను వచ్చినప్పుడు అన్నం వండి పెట్టడానికి పూజారి, ఇమాము, పాస్టరు ఒక్క సిద్ధాంతానికి రానక్కరలేదు. ఆ పని మధ్యలో ఎవరైనా "మీరు ఇది ఎందుకు చేస్తున్నారు?" అని అడిగితే, సిలువను గూర్చి చెప్పడానికి సిగ్గుపడనూ అక్కరలేదు. వారు తమ కారణం చెప్పినప్పుడు అడ్డుపడకుండా వినడం మాత్రం మన బాధ్యత.

ముగింపు

హాగ్ 1954లో మరణించాడు. ఆ శిష్యుడు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా ఉండి 1975లో మరణించాడు. గురువు కోరుకున్న నిర్ణయానికి శిష్యుడు రాలేదు. మిషనరీ నివేదికలో నింపవలసిన అంకె దృష్ట్యా ఇది వైఫల్యమే. కాని ఒక యువకుడు తన విశ్వాసాన్ని పరీక్షించుకోవడానికి, తనను నిలదీసిన గురువుకే నిర్భయంగా జవాబు వ్రాయడానికి, ఆ గురువు లోపాన్ని కూడా తరువాత బాహాటంగా చెప్పడానికి ఆ తరగతి తోడ్పడింది. మార్పు కలిగించడం పరిశుద్ధాత్మ కార్యం. సత్యంగా బోధించడం, సత్యంగా వినడం మాత్రం మనకు అప్పగించబడిన పని. మన తరగతి గదుల నుండి వెళ్ళే విద్యార్థులు మనతో ఏకీభవిస్తున్నారా అని అడిగే ముందు, మనతో ఏకీభవించని విద్యార్థి మన దగ్గర ఆ మాట ధైర్యంగా వ్రాయగలడా అని అడుగుదాం.